ఇల్లు రెంట్‌కి అడిగితే కులం ఎందుకు అడిగారు? మద్రాస్ బ్లాక్ టౌన్ నుంచి మన నంద్యాల దాకా

ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో మ్యాప్స్ ఓపెన్ చేసి మీ ఊరు వెతకండి. బస్టాండు, గుడి, మెయిన్ బజారు కనిపిస్తాయి కదా. ఇప్పుడు ఎస్సీ కాలనీ ఎక్కడుందో చూడండి. చాలా ఊళ్లలో అది ఒక చివరన ఉంటుంది. దాన్ని అక్కడ ఎవరు పెట్టారు?

ఈ డౌట్ నాకు ఎలా వచ్చిందో చెప్తా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చాక, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకి మారదామని నేనూ నా ఫ్రెండూ ఇల్లు వెతికాం. ఇద్దరం ఒకే బ్యాచ్ బీటెక్. ఒక ఇంటాయన పేర్లు అడిగాడు, పని అడిగాడు, వంట మీరే చేసుకుంటారా అని అడిగాడు. చివర్లో "ఏం కులమోళ్లు నాయనా?" అన్నాడు. చెప్పాం. ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాడు. సాయంత్రం ఫోన్ వచ్చింది, నాకొక్కడికే. "నువ్వొక్కడివే అయితే వచ్చెయ్ నాయనా" అన్నాడు. వెళ్లాను. పదకొండు నెలలు ఉన్నాను ఆ ఇంట్లో.

సరే, హిస్టరీలోకి వెళ్దాం. రంగు పేరు పెట్టి ఊరిని రెండు ముక్కలు చేసిన తొలి నగరాల్లో ఒకటి మన పక్కనే ఉంది. మద్రాస్. 1639లో ఈస్టిండియా కంపెనీకి అక్కడ స్థలం దొరికింది, కోట కట్టుకున్నారు. తెల్లవాళ్లుండే చోటు వైట్ టౌన్ అయింది. దానికి ఉత్తరాన తెలుగు, తమిళ వ్యాపారులూ పనివాళ్లూ ఉండే చోటు బ్లాక్ టౌన్. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాస్‌ని పట్టుకున్నారు. కోట పక్కనే ఇళ్లుంటే శత్రువు వాటి చాటున నక్కుతాడని పాత బ్లాక్ టౌన్‌ని కూల్చడం మొదలైంది. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆ పని పూర్తి చేశారు. ఇప్పుడు మద్రాస్ హైకోర్టు ఉన్నది ఆ జాగాలోనే.

అసలు ట్విస్ట్ బ్లాక్ టౌన్ లోపల ఉంది. అప్పట్లో కులాలు కుడిచేతి, ఎడమచేతి అని రెండు వర్గాలు. ఏ వీధిలో ఎవరి పెళ్లి ఊరేగింపు పోవాలన్నదాని మీద కొట్లాటలు. 1707లో అది బాగా ముదిరితే గవర్నర్ థామస్ పిట్ పెద్దనాయకన్‌పేట కుడిచేతివాళ్లకి, ముత్యాలపేట ఎడమచేతివాళ్లకి అని పంచేశాడు. అంటే రంగు గీత వాళ్లు తెచ్చారు. కులం గీత మనవాళ్ల దగ్గర రెడీగానే ఉంది.

అమెరికాలో ఇదే పని చట్టంతో చేశారు. తెల్లవాళ్లు ఎక్కువున్న వీధిలోకి నల్లవాళ్లు మారకూడదని 1910లో బాల్టిమోర్ నగరం రూల్ పెట్టింది. 1917లో అక్కడి సుప్రీంకోర్టు ఇలాంటి రూల్స్ చెల్లవంది. ఆగారా? లేదు. ఇల్లు అమ్మేటప్పుడే ఒప్పందంలో 'నల్లవాళ్లకి అమ్మకూడదు' అని రాసుకున్నారు. 1930ల్లో ఇళ్ల లోన్ల కోసం ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు తయారు చేయించి, నల్లవాళ్ల పేటలకి ఎర్ర రంగు వేసింది. లోన్ ఇస్తే రిస్క్ అని దానర్థం.

మన దగ్గర మాత్రం ఏ మ్యాపూ గీయలేదు, అవసరం రాలేదు. ఊరు వేరు, వాడ వేరు అన్నది ప్లానింగ్ ఆఫీసులు పుట్టకముందు నుంచే ఉంది. మన కర్నూలు ప్రాంతం అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేది. 1920ల్లో అక్కడి లేబర్ డిపార్ట్‌మెంట్ దళితులకి ఇళ్ల స్థలాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది చిన్న విషయం కాదు. ఆసామి జాగాలో గుడిసె వేసుకున్నవాడిని ఆసామి ఎప్పుడైనా వెళ్లగొట్టొచ్చు, సొంత జాగా ఉంటే కుదరదు. కాకపోతే ఆ జాగా ఊరి మధ్యలో దొరకదుగా! తర్వాత వచ్చిన హౌసింగ్ స్కీములూ చాలావరకు అదే దారి. ఎక్కడ చవగ్గా భూమి ఉంటే అక్కడ కాలనీ. ఊరు పెరిగి టౌన్ అయినా కాలనీ పేరు పోలేదు, పేరు చెప్తే కులం తెలిసిపోతుంది. అందుకే మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో కులం పేర్లున్న పేటల పేర్లు మార్చాలని నిర్ణయించింది.

"ఇదంతా పల్లెల్లో బ్రో, సిటీలో ఎవడు పట్టించుకుంటాడు" అంటారు. నేనూ అలానే అనుకునేవాణ్ణి. సామ్ ఆషర్, పాల్ నొవోసాద్ అనే ఎకనామిస్టుల టీమ్ మన దేశంలో పల్లెలూ పట్నాలూ కలిపి 15 లక్షల పేటల డేటా చూసింది. ఎస్సీలూ ముస్లింలూ వేరుగా బతకడం అమెరికాలో నల్లవాళ్లు వేరుగా బతకడం కన్నా కొంచెమే తక్కువ అని తేలింది. సిటీల్లో ఆ పేటలకి ప్రభుత్వ సౌకర్యాలూ తక్కువే. సిటీ మొత్తం యావరేజ్ చూస్తే ఇది కనపడదు, పేట పేటకీ వెళ్తేనే బయటపడుతుంది. డేటాతో పని చేసినవాళ్లకి ఈ బాధ తెలుసు.

మరి చట్టం లేదా? ఉంది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం, సెక్షన్ 4. అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ ఏరియాలోనైనా ఇల్లు కట్టుకోకుండా, ఉండకుండా అడ్డుకుంటే నేరం. కానీ ఓనర్ 'కులం వల్ల ఇవ్వను' అని ఎందుకంటాడు? 'వెజిటేరియన్స్‌కే' అంటాడు, 'ఆల్రెడీ ఇచ్చేశాం' అంటాడు. లేదా మా ఇంటాయనలా ఫోన్ చేయడు, అంతే. దాన్ని ఏ కోర్టులో ప్రూవ్ చేస్తారు?

చేయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఫోన్ కాల్ నాకే వచ్చింది. అప్పుడు అడ్వాన్స్ కట్టి తాళం తీసుకున్నాను.

మా వాడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. షూట్‌కి ముందు స్క్రిప్ట్ పంపాను. "ఆ పదకొండు నెలల ముక్క కట్ చేయొద్దురా" అన్నాడు. చేయలేదు. వచ్చే వారం కలుద్దాం.