సముద్రగర్భమున లోహపు ఊటలు

సముద్రమునకు దూరమైన మత్తూరు ప్రాంతము వారమైనను, దాని అడుగున జరుగు వింతను మనము తెలిసికొనదగును. 1977వ సంవత్సరమున గలాపగస్ దీవుల చెంత, సుమారు 2,500 మీటర్ల లోతున, శాస్త్రజ్ఞులు వేడినీటి ఊటలను కనుగొనిరి. సముద్రజలము అడుగునేల పగుళ్లలోనికి దిగి, శిలాద్రవపు వేడిచే కాగి, రాళ్లలోని లోహములను కరగించుకొని పైకి చిమ్మును. కొన్ని ఊటల వేడి 350 సెంటిగ్రేడు డిగ్రీలు. పైనున్న జలభారముచే ఆ నీరు మరగజాలదు. చల్లని నీరు తగిలినంతనే లోహములు గంధకముతో కూడి, నల్లని పొగవలె కనిపించి, గొట్టములుగా పేరుకొనును.

ఈ ఖనిజములలో ఇనుము, రాగి, తుత్తునాగము ప్రధానములు. లేశమాత్రముగా నుండు ఇతర మూలకములు చారులో ఇంగువ వంటివి. కొంచెమే యైనను గుట్టు తెలుపును. సాధారణముగా సెలీనియము అధికమైన వేడిలో రాగితోను, కాడ్మియము తక్కువ వేడిలో తుత్తునాగముతోను చేరును. కావున రాతిముక్కను పరీక్షించి, అది ఎంత వేడిలో పుట్టినదో ఊహింపవచ్చును.

ఇట్టి నిక్షేపములను హిందూమహాసముద్రమున అన్వేషించుటకై 2016లో భారతదేశము అంతర్జాతీయ సముద్రతల సంస్థతో ఒడంబడిక చేసికొనినది. అయితే ఎండ సోకని ఆ చీకటిలో ఎన్నో ప్రాణులకు ఈ ఊటలే ఆధారము. త్రవ్వుటకు పూర్వము, ఏ ఊట చల్లారినదో, ఏది ఇంకను ప్రాణులను పోషించుచున్నదో నిర్ణయింపవలెను. అందులకు రసాయనశాస్త్రము, జీవశాస్త్రము రెండును కావలెను. మన విద్యార్థులు ఈ రెంటిని మాతృభాషలో శ్రద్ధగా అభ్యసింతురు గాక!