పూత మీదే తోట గుత్త

శంషాబాదులో విమానం దిగి, సామాన్లు కారులో వేసుకుని ఊరికి బయలుదేరే మనవాళ్ళలో చాలామంది ముందుగా ఎక్కేది ఔటర్ రింగు రోడ్డే. టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ పని చేస్తుంది, గేటు లేస్తుంది, కారు సాగిపోతుంది. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

158 కిలోమీటర్ల ఈ రోడ్డు మీద టోలు వసూలు చేసుకునే హక్కును తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐఆర్‌బి సంస్థకు 30 ఏళ్ళకు ఇచ్చి, బదులుగా 7,380 కోట్ల రూపాయలు ఒకేసారి పుచ్చుకుంది. నిర్వహణ, మరమ్మతుల బాధ్యత కూడా ఆ సంస్థదే. రోడ్డును అమ్మలేదు. మామిడి తోటలున్న ఊళ్ళవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పూత మీదే తోటను గుత్తకివ్వడమే ఇది. కాయ ఎంత దిగుతుందో తెలియకముందే రైతు చేతికి డబ్బొస్తుంది. గాలివాన కొడితే నష్టం గుత్తదారుది, విరగకాస్తే లాభమూ అతనిదే. హైదరాబాదు రోడ్డు తక్కువకు పోయిందంటూ రాష్ట్రంలో పెద్ద రాజకీయ రగడే జరిగింది.

అమెరికాలో ఉన్న మనకు ఇలాంటి గుత్త ఇంకొకటి తెలుసు. షికాగో నుంచి పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి కారులో వెళ్ళినవారికి ఇండియానా టోల్ రోడ్డు గుర్తుండే ఉంటుంది. దాని పొడవు 157 మైళ్ళు. గవర్నర్ మిచ్ డేనియల్స్ హయాంలో, 2006లో, ఒక స్పెయిన్ సంస్థ, ఒక ఆస్ట్రేలియా సంస్థ కలిసి 380 కోట్ల డాలర్లు ఇచ్చి దాన్ని 75 ఏళ్ళకు తీసుకున్నాయి. మన రోడ్డు విదేశీయుల పాలైందని అక్కడా గోల పుట్టింది. తీరా చూస్తే వాహనాల రద్దీ వాళ్ళ లెక్కలకు అందలేదు. అప్పులు పెరిగి 2014లో గుత్తదారు సంస్థ దివాలా తీసింది. రోడ్డు మాత్రం ఆగలేదు, రాష్ట్రం తీసుకున్న డబ్బు వెనక్కివ్వాల్సిన పనీ రాలేదు. 2015లో ఐఎఫ్ఎమ్ అనే సంస్థ 570 కోట్ల డాలర్లకు పైగా పెట్టి ఆ గుత్తను కొనుక్కుంది. ఆ సంస్థ ఆస్ట్రేలియా ఉద్యోగుల పింఛను నిధులది. అక్కడెక్కడో రిటైరైన మాస్టారి పింఛనులో మన టోలు చిల్లర కూడా ఉందన్నమాట!

ఇంతవరకూ ఇండియానాదే పైచేయి అనిపిస్తుంది. కానీ 2018లో రాష్ట్రం మరో 100 కోట్ల డాలర్లు తీసుకుని, లారీల టోలు 35 శాతం పెంచుకోనిచ్చింది. ఆ భారం లారీ యజమాని జేబుతో ఆగదు, సరుకు ధరలోకి వస్తుంది.

గుత్త ధర ఎక్కువా తక్కువా అన్నది నిపుణులు తేల్చుకోనీండి. నా మటుకు నాకు ఆ డబ్బు ఎటు పోయిందన్నదే ముఖ్యం. గుత్త సొమ్ముతో బోరు వేయించుకున్న రైతు వేరు, పాత బాకీలు తీర్చుకున్న రైతు వేరు. ఇండియానా ఆ సొమ్ములో అధిక భాగాన్ని ‘మేజర్ మూవ్స్’ పేరుతో కొత్త రోడ్లకు, వంతెనలకు కేటాయించింది. 50 కోట్ల డాలర్లను ముందుతరాల కోసమంటూ వేరే నిధిగా పెట్టింది. హైదరాబాదు సొమ్ముకూ అలాంటి పద్దు ఒకటి జనం ముందుండాలి. ఎందుకంటే ఈ గుత్త తీరేది 2053లో. ఈ ఏడాది అక్కడ పుట్టిన మేనల్లుడు కారు కొనుక్కునే నాటికి కూడా ఆ గేటు దగ్గర టోలు కడుతూనే ఉంటాడు.