టెర్మినల్ బిగుసుకుపోయిందా? కంట్రోల్+క్యూ నొక్కండి!

ఇంజినీరింగ్ అయిపోయిన ఏడాది. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయమని, చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌లో తప్పు వెతకమన్నారు. తప్పు దొరికింది, సరిచేశా. ఆ సంతోషంలో సేవ్ చేద్దామని కంట్రోల్+ఎస్ కొట్టా. కానీ అప్పుడు నేనున్నది ఎడిటర్ విండోలో కాదు, పక్కనే ఉన్న టెర్మినల్‌లో! అంతే... ఏ కీ కొట్టినా తెర మీద కదలిక లేదు. ఎంటర్ పది సార్లు కొట్టా. చివరికి విండో మూసేసి, మళ్లీ తెరిచి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసి, ఫోల్డర్ వెతుక్కునేసరికి సమయం అయిపోయింది. ఆ ఉద్యోగం రాలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, అక్కడ ఏదీ పాడవలేదు. తెర మీద అక్షరాలు వేగంగా పరుగెడుతుంటే కాసేపు ఆపి చదువుకోవడానికి పాత టెర్మినళ్ల కాలంలో పెట్టిన ఏర్పాటే కంట్రోల్+ఎస్. ఉబుంటు లాంటి లినక్స్‌లలో అది ఇప్పటికీ ఉంది. కంట్రోల్+క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. ఒక్క జాగ్రత్త: ఆగేది తెర మాత్రమే. ఆ సమయంలో మీరు కంగారుగా కొట్టినవన్నీ లోపలికి వెళ్తూనే ఉంటాయి, తెర కదలగానే వరుసగా బయటపడతాయి. కాబట్టి బిగుసుకుపోతే ముందు చేతులు కీబోర్డు మీద నుంచి తీయండి.

ఇలాంటిదే ఇంకో గందరగోళం. మా జూనియర్లలో చాలామందిని ఇబ్బంది పెట్టింది ఇదే. జాంగో సర్వర్ నడుస్తోంది, ఆపాలి. కంట్రోల్+సి బదులు కంట్రోల్+జడ్ కొడతారు. ప్రాంప్ట్ తిరిగొస్తుంది కదా, ఆగిపోయిందనుకుంటారు. మళ్లీ సర్వర్ నడిపితే 'ఆ పోర్టు ఇప్పటికే వాడుకలో ఉంది' అని ఎర్రర్! ఎందుకంటే కంట్రోల్+సి ప్రోగ్రామ్‌ని ఆపేయమంటుంది, కంట్రోల్+జడ్ నిద్రపుచ్చుతుంది. నిద్రపోతున్న సర్వర్ పోర్టును వదలదు. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయనక్కర్లేదు. ఎఫ్‌జీ అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే సర్వర్ మళ్లీ ముందుకొస్తుంది, అప్పుడు కంట్రోల్+సి. ఎర్రర్ కాపీ చేయడానికి కూడా కంట్రోల్+సి కొట్టకండి, నడుస్తున్న ప్రోగ్రామ్ పోతుంది. ఉబుంటు టెర్మినల్‌లో కాపీకి, పేస్ట్‌కి షిఫ్ట్ కూడా కలపాలి.

రోజూ నా సమయం ఎక్కువగా మిగిల్చేది మాత్రం కంట్రోల్+ఆర్. నిన్న కొట్టిన పొడవాటి డాకర్ కమాండ్ మళ్లీ కావాలి. పై బాణం నలభై సార్లు నొక్కేవాళ్లను చూస్తే నాకు చేతులు దురద పెడతాయి. కంట్రోల్+ఆర్ నొక్కి, ఆ కమాండ్‌లో గుర్తున్న ముక్క ఏదైనా కొట్టండి, పాతది కనిపిస్తుంది. అది కాకపోతే మళ్లీ కంట్రోల్+ఆర్, ఇంకా వెనక్కి వెళ్తుంది. దొరికాక వెంటనే ఎంటర్ కొట్టొద్దు. ఫైలు పేరో, ఫోల్డరో మార్చాల్సి ఉండొచ్చు. కుడి బాణం నొక్కితే కమాండ్ దిద్దుకోవడానికి చేతికొస్తుంది. అప్పుడు లైన్ మొదటికి కంట్రోల్+ఎ, చివరికి కంట్రోల్+ఈ. కర్సర్ వెనకున్నదంతా చెరిపేయాలంటే కంట్రోల్+యూ. పాస్‌వర్డ్ అడిగినప్పుడు కొట్టేది కనిపించదు కదా, తప్పు పడిందని అనుమానం వస్తే అక్కడ కూడా కంట్రోల్+యూ కొట్టి మొదట్నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు అంటారా? ఒకసారి నేర్చుకుంటే చాలాచోట్ల పనికొస్తాయి. 1989లో వచ్చిన బాష్ షెల్ ఈ ఎడిటింగ్ కీలలో చాలావాటిని ఈమాక్స్ ఎడిటర్ నుంచి తీసుకుంది. లినక్స్‌లో పైథాన్ ప్రాంప్ట్‌లోనూ, పోస్ట్‌గ్రెస్ ప్రాంప్ట్‌లోనూ దాదాపు ఇవే పనిచేస్తాయి.

బ్రౌజర్‌లో జరిగే కోడింగ్ టెస్టుల్లో మాత్రం ఒక ప్రమాదం ఉంది. వెనకున్న ఒక పదాన్ని చెరిపే కీ కంట్రోల్+డబ్ల్యూ. కానీ బ్రౌజర్‌లో అదే కీ ట్యాబ్‌ను మూసేస్తుంది! టెస్టు మధ్యలో ట్యాబ్ పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ బుద్ధిగా బ్యాక్‌స్పేసే వాడండి.

కాలేజీ ల్యాబ్‌లో విండోసే ఉందా? పవర్‌షెల్‌లో కంట్రోల్+ఆర్ పనిచేస్తుంది, కంట్రోల్+ఎ మాత్రం లైన్ మొత్తాన్ని సెలెక్ట్ చేస్తుంది. లైన్ మొదటికి వెళ్లడానికి హోమ్ కీ వాడండి. సొంత ల్యాప్‌టాప్ ఉంటే డబ్ల్యూఎస్ఎల్ వేసుకోండి, విండోస్‌లోనే ఉబుంటు టెర్మినల్ వస్తుంది. ఈ వారం పై బాణం జోలికెళ్లకుండా కంట్రోల్+ఆర్ ఒక్కటే వాడి చూడండి, మిగతావి వచ్చే వారం. ఇవాళ మాత్రం ఆ ఉబుంటు టెర్మినల్‌లో ఒకసారి కావాలనే కంట్రోల్+ఎస్ కొట్టి, కంట్రోల్+క్యూతో బయటపడండి. నేను ఇంటర్వ్యూలో చూసింది మీరు ఇంట్లోనే చూసేయొచ్చు.