సెర్చ్ ఇంజిన్ గుమ్మంలో చాట్‌బాట్

1990లో కెనడాలోని మాంట్రియల్‌లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎంటేజ్ ‘ఆర్చీ’ అనే ప్రోగ్రామ్ రాశాడు. వేర్వేరు కంప్యూటర్లలో చెదిరివున్న ఫైళ్ళ పేర్లను ఒకచోట చేర్చి, అడిగినది ఎక్కడుందో చెప్పడమే దాని పని. సెర్చ్ ఇంజిన్ల వంశానికి అదే మూలపురుషుడు. 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా పేర్లతో ఆగక, పేజీల్లోని మాటలన్నిటినీ సూచికలోకి ఎక్కించింది. అయితే ఒక మాట వేల పేజీల్లో దొరికితే ఏది ముందుండాలన్న చిక్కు అలాగే మిగిలింది. ఆ ముడిని స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ విప్పారు. ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇస్తున్నాయి, ఆ ఇచ్చేవాటి పరపతి ఎంత అని లెక్కగట్టి వరస పెట్టారు. 1998లో గూగుల్ కంపెనీ పుట్టింది. కొన్నేళ్లకే ఆల్టావిస్టా మరుగున పడింది.

ఈ కథను చూపి, ఇప్పుడు చాట్‌బాట్ వచ్చింది కనుక గూగుల్‌కూ అదే గతి పడుతుందని చాలామంది అంటున్నారు. ఆ పోలిక సగమే నిజం. 1998లో వెతికేవారు తమకు నచ్చిన చిరునామా కొట్టుకుని వెళ్ళేవారు. ఇప్పుడు ఫోన్ కొన్న నాటికే సెర్చ్ పెట్టె అందులో సిద్ధంగా ఉంటోంది. ఆ చోటు ఊరికే రాలేదు. అమెరికా ప్రభుత్వం వేసిన దావాలో 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా గూగుల్‌ను గుత్తాధిపత్య సంస్థగా తేల్చారు. తన సెర్చ్‌ను డీఫాల్ట్‌గా ఉంచినందుకు గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో ఇతర కంపెనీలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని ఆ విచారణలో బయటపడింది. 2022లో ఒక్క ఆపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు ముట్టాయి. గుమ్మాన్నే అద్దెకు తీసుకున్నవాడిని దాటి లోపలికి రావడం ఎంత మేలైన సరుకున్నవాడికైనా కష్టమే. పైగా జనం నొక్కే ప్రతి క్లిక్కూ యంత్రానికి ఒక పాఠం. ఎక్కువమంది వచ్చే యంత్రం ఎక్కువ నేర్చుకుంటుంది, ఎక్కువ నేర్చినదాని దగ్గరికే మళ్ళీ జనం వస్తారు.

దీనికి మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్ అనుభవమే రుజువు. చాట్‌బాట్‌లకు పునాదియైన ట్రాన్స్‌ఫార్మర్ నమూనాను 2017లో ప్రకటించింది గూగుల్ పరిశోధకులే. దాన్ని మాటకారిగా జనంలోకి తెచ్చింది మాత్రం 2022 నవంబరు 30న వెలువడిన చాట్‌జీపీటీ. 2023 ఫిబ్రవరి 7న, సత్య నాదెళ్ళ సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ అలాంటి నమూనానే బింగ్‌లో పెట్టింది. మర్నాడే గూగుల్ చాట్‌బాట్ బార్డ్ ప్రచారంలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ గురించిన తప్పు బయటపడి, దాని మాతృసంస్థ ఆల్ఫాబెట్ షేర్ల విలువ ఒక్కరోజులో సుమారు 10,000 కోట్ల డాలర్లు తగ్గింది. అంత కలకలం రేగినా, ఏడాది తరవాత కూడా ప్రపంచ వెతుకులాటలో బింగ్ వాటా 3, 4 శాతం దగ్గరే ఉంది.

మరి డీఫాల్ట్ చోటు కొనకుండానే చాట్‌జీపీటీ 2025 అక్టోబరు నాటికి వారానికి 80 కోట్లమందిని ఎలా రప్పించుకుందని అడగవచ్చు. ఇది గట్టి ప్రశ్న. అంతకుముందు ఏప్రిల్‌లో సఫారీ బ్రౌజర్‌లో వెతుకులాటలు మొదటిసారి తగ్గాయని ఆపిల్ అధికారి ఎడ్డీ క్యూ కోర్టులోనే చెప్పారు. అంటే తాళం వదులవుతున్న మాట నిజం. కానీ భాషా నమూనా తాను చదివిన పాఠం నుంచి తరవాతి మాటను ఊహించే యంత్రం. నిన్నటి వార్త, ఇవాళ్టి ధర దాని బుర్రలో ఉండవు. వాటికోసం అది మళ్ళీ వెబ్ సూచిక దగ్గరికే పోవాలి. వెబ్ అంతటికీ సూచిక కట్టి, రోజూ తాజాగా ఉంచగల సంస్థలు ప్రపంచంలో బహు కొద్ది. 2025 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన బింగ్ సూచికను బయటివారు నేరుగా వాడుకునే పాత సేవను మూసేసింది. చేదలు ఎన్ని పెరిగినా, నీళ్ళు తోడే బావులు కొన్నే. గుమ్మాల వేట కూడా మళ్ళీ మొదలైంది. 2025లో చాట్‌జీపీటీ యజమాని ఓపెన్‌ఏఐ సొంత బ్రౌజర్ తెచ్చింది. మన దేశంలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ చాట్‌బాట్‌ను, జియో గూగుల్ వారి జెమినీని ఉచితంగా పంచాయి. సిమ్ కార్డే కొత్త గుమ్మమైంది.

బావిలో ఊట తగ్గే ప్రమాదమూ ఉంది. 2025 మార్చిలో అమెరికన్ల గూగుల్ వాడకాన్ని ప్యూ పరిశోధన సంస్థ పరిశీలించింది. పైన ఏఐ సారాంశం కనిపించినప్పుడు 8 శాతం సందర్భాల్లోనే జనం మామూలు లింకును నొక్కారు. కనిపించనప్పుడది 15 శాతం. రాసేవాడి పేజీకి పాఠకుడు రాకపోతే రేపు రాసేవాడుండడు, ఏ యంత్రానికీ కొత్తగా చదవడానికి ఏమీ ఉండదు. రాత తక్కువగా ఉన్న తెలుగులాంటి భాషకు ఈ దెబ్బ ముందు తగులుతుంది.

అందుకే పోటీని చాట్‌బాట్ తెలివికి వదిలేయడం చాలదు. మెహతా 2025 సెప్టెంబరు ఆదేశంలో పోటీదారులకు చోటివ్వని ఒప్పందాలను నిషేధించి, సూచికలో కొంత భాగాన్ని పోటీదారులతో పంచుకోమన్నారు. నా దృష్టిలో ఆ రెండో మాటే అసలైన మందు. భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, కొత్త ఫోన్ తెరిచినప్పుడే సెర్చ్ ఇంజిన్‌ను ఎంచుకునే అవకాశం కొన్నవారికి ఇవ్వాలని ఆదేశించింది. అదే ఎంపిక ఇప్పుడు చాట్‌బాట్ విషయంలోనూ ఉండాలి. గుమ్మాలు పూర్తిగా అమ్ముడుపోకముందే కమిషన్ ఆ పని చేయాలి.