చూపులేని పసివారి మెదడు ఊరకుండదు

పుట్టుగుడ్డి బిడ్డను చూచి "వాడి తలరాత" అని ఊరుకొన్న ఇళ్ళు మన తోటల లైనులలో లేకపోలేదు. అట్టి బిడ్డ తలలో ఏమి జరుగుచున్నదో నేడు శాస్త్రము కొంతవరకు చెప్పగలుగుచున్నది. అది మనవారికి తెలియుట మేలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మెదడు పనిచేయునపుడు స్వల్పముగా విద్యుత్తు పుట్టును. తలపై చిన్న లోహపు బిళ్ళలు అంటించి దానిని అలలుగా గీయవచ్చును. జర్మనీలోని యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మొదటిసారిగా మనుష్యుని మెదడు అలలను గీసి, 1929లో ప్రకటించెను. ఈ పరీక్షనే ఈ.ఈ.జి. అంటాము. ఇందులో నొప్పి ఉండదు. తలలోకి విద్యుత్తు పంపరు.

చూపున్నవారు మెలకువగా ఉండి కన్నులు మూసుకొంటే, తల వెనుక భాగమున సెకనుకు 8 నుండి 13 సార్లు లేచిపడే అలలు కనబడును. వీటికి ఆల్ఫా అలలని పేరు. కన్ను తెరవగానే అణగిపోవును. పసితనములో ఈ లయ నిదానము: ఏడాది బిడ్డకు సుమారు 6, మూడేళ్ళకు 8, పదేళ్ళకు 10.

పుట్టుకతో చూపులేని పిల్లలలో ఈ అలలు చాలా తక్కువ; కొందరిలో బొత్తిగా కనబడవు. వాటికి బదులు కొందరిలో సూదిమొనలవంటి గీతలు వచ్చును. అవి చూచినంతనే మూర్ఛరోగమని బెదరరాదు. మూర్ఛ లేని పిల్లలలోనూ అవి ఉండును, వయసుతో సాధారణముగా తగ్గిపోవును.

అలలు తగ్గినవి గనుక ఆ భాగము బీడుపడినదా? లేదు. పసితనమునుండి చూపులేనివారు వ్రేళ్ళతో బ్రెయిల్ చదువునపుడు, చూపుకు చెందిన ఆ భాగమే పనిచేయుచున్నదని 1996లో తేలినది. 1997లో ఆ చోటును అయస్కాంత శక్తితో క్షణకాలము కలవరపరచగా, చదువుటలో తప్పులు దొర్లినవి. ఇంట్లో ఖాళీగా ఉన్న గదిని మరొకరు వాడుకొన్నట్లే!

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, పుట్టుశుక్లములు తీయించుకొని ఆలస్యముగా చూపు పొందినవారిని పరీక్షించిరి. చూపు వచ్చినా ఆల్ఫా అలలు తక్కువగానే ఉన్నవని 2016లో ప్రకటించిరి. పసితనములో దాటిపోయిన గడువు పూర్తిగా తిరిగిరాదన్నమాట.

కావున బిడ్డ కంటిపాపలో తెలుపు కనబడినా, మూడు నెలలైనా తల్లి ముఖముపై చూపు నిలపకపోయినా, వెంటనే కంటి వైద్యునికి చూపుదము. చూపు రాదని తేలితే చిన్ననాడే బ్రెయిల్ నేర్పుదము. ఆలస్యం అమృతం విషమని మన పెద్దలు ఊరకే అనలేదు.