కాలు విరిగిన గుర్రానికి సంతానం

మన హాస్టల్లో చదువుకుని, ఇప్పుడు పశువైద్యం చదువుతున్న మేము ఇక్కడికి వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "అన్నా, గుర్రం కాలు విరిగితే చంపేస్తారంట, నిజమేనా?" చాలావరకు నిజమే. ఎందుకు చంపుతారో, బతికించుకుంటే ఆ గుర్రానికి పిల్లలు ఎలా పుట్టించవచ్చో ఈ సంచికలో రాస్తున్నాం.

గుర్రం బరువు 450, 500 కిలోలు ఉంటుంది. ఆవులాగ గంటల తరబడి పడుకునే జంతువు కాదు. ఒక కాలు విరిగితే ఆ బరువు మిగిలిన కాళ్ళ మీద పడుతుంది. కొన్నాళ్ళకు బాగున్న కాలికే గిట్ట లోపలి పొరలు దెబ్బతిని, గిట్టకూ ఎముకకూ పట్టు వదిలిపోతుంది. దీన్ని లామినైటిస్ అంటారు. విరిగిన కాలు అతుకుతున్నా ఈ రెండో జబ్బుతో పోయే గుర్రాలున్నాయి.

అయితే కాలు పోయినంత మాత్రాన బీజం పోదు. ఇబ్బందంతా జత కట్టడంలోనూ, మోయడంలోనూ ఉంది.

జత కట్టేటప్పుడు మగగుర్రం ముందు కాళ్ళు పైకెత్తి, బరువంతా వెనుక కాళ్ళ మీద మోపాలి. వెనుక కాలు దెబ్బతిన్నదానికి అది సాధ్యం కాదు. అలాంటిదాన్ని నేల మీద నిలబెట్టే, కృత్రిమ యోని సాయంతో వీర్యం సేకరిస్తారు. అదీ కుదరకపోతే మందులిచ్చి స్ఖలనం జరిగేలా చూస్తారు. కానీ మందులు ప్రతిసారీ పనిచేయవు. సేకరించిన వీర్యాన్ని 5 డిగ్రీల చల్లదనంలో ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఏళ్ళ తరబడి దాచవచ్చు. ఊళ్ళో గోపాలమిత్ర వచ్చి గేదెకు సూది వేయడం మనలో చాలామంది చూసిందే. ఇక్కడ జరిగేదీ దాదాపు అదే.

ఆడగుర్రం సంగతి కష్టం. 11 నెలలు మోయాలి. పుట్టే పిల్లే తల్లి బరువులో పదో వంతు ఉంటుంది. కుంటి కాలితో ఆ అదనపు బరువు మోయడమంటే నరకమే. అందుకే పిండ మార్పిడి. ఎదకు వచ్చిన ఆడగుర్రానికి వీర్యం ఎక్కిస్తారు. అండం విడుదలైన ఏడెనిమిది రోజులకు గర్భసంచిలోకి గొట్టం ద్వారా ద్రవం పంపి, బయటికి రప్పించి వడపోస్తారు. దొరికే పిండం సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. దాన్ని ఆరోగ్యంగా ఉన్న మరో ఆడగుర్రం గర్భసంచిలో పెడతారు. ఇద్దరు తల్లులకూ అండం విడుదల ఇంచుమించు ఒకే సమయంలో జరిగి ఉండాలి. కోత అక్కర్లేదు. ఆవుకు మందులిచ్చి ఒకేసారి చాలా పిండాలు తీయవచ్చు గానీ, గుర్రం ఆ మందులకు అంతగా లొంగదు. సాధారణంగా విడతకు ఒకటే దొరుకుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

గర్భసంచి కూడా పాడైతే అండాశయం నుంచే సూదితో అండాలు తీస్తారు. గాజు పాత్రలో గుర్రం వీర్యకణం అండంలోకి దూరక శాస్త్రజ్ఞులను చాలాకాలం విసిగించింది. అందుకని ఒక్క వీర్యకణాన్ని సన్నని సూదితో అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి పట్టారు. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో 1996లో ఆ పద్ధతిలో గుర్రప్పిల్ల పుట్టింది.

ఇక అసలు ప్రశ్న. చేయగలం సరే, చేయాలా? ఆ అవిటితనం ఎలా వచ్చిందన్నది ముందు చూడాలి. పరుగులో విరిగిన కాలు పిల్లకు రాదు. పుట్టుకతో వచ్చే జబ్బు రావచ్చు. అమెరికాలో ఇంప్రెసివ్ అనే క్వార్టర్ జాతి మగగుర్రం 1969లో పుట్టింది. కండలు తిరిగిన అందం చూసి దాని సంతతిని వేల సంఖ్యలో పెంచారు. తీరా చూస్తే కండరాలు వణికి, గుర్రం కూలబడే హైపీపీ అనే జబ్బు ఆ వంశంలో ఉంది. 2007 నుంచి పుట్టిన పిల్లల్లో, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు వచ్చినవాటిని అక్కడి క్వార్టర్ హార్స్ సంఘం నమోదు చేయడం లేదు. మంచి పనే.

ఒక మాట. ఇది గుర్రాల పెంపకం లెక్క. వికలాంగులైన మనుషులు పిల్లల్ని కనాలా వద్దా అన్నది వాళ్ళ హక్కు. ఈ రెండు పాఠాలూ కలిపి చదవకండి. ఇంకోటి, నొప్పి తగ్గని గుర్రాన్ని కేవలం పిల్లల కోసం బతికించి ఉంచడం మాకు సమ్మతం కాదు.

పందెం గుర్రాల సంగతి వేరు. మలక్‌పేట రేసుల్లో పరుగెత్తే థరోబ్రెడ్ జాతికి సహజంగా జత కట్టి పుట్టిన పిల్లనే వంశావళి పుస్తకంలో రాస్తారు. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో, రెండు వారాలకు ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనుక కాలు విరగ్గొట్టుకుంది. నెలల తరబడి వైద్యం చేసినా లామినైటిస్ వచ్చి, 2007 జనవరిలో దాన్ని చంపక తప్పలేదు. ఒకవేళ బతికినా ఆ వెనుక కాళ్ళ మీదే లేచి జత కట్టాలి. వీర్యం తీసి దాచినా చెల్లదు.

మన దేశంలో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం హర్యానాలోని హిసార్‌లో ఉంది. దాని బికనీర్ శాఖలో 2023 మే నెలలో పిండ మార్పిడితో మార్వాడీ గుర్రప్పిల్ల పుట్టింది. దేశంలో ఆ జాతికి ఇదే మొదటిది. అక్కడివారి ఉద్దేశం తగ్గిపోతున్న దేశవాళీ జాతులను కాపాడటం. పద్ధతి మాత్రం పైన చెప్పిందే. ఏడున్నర రోజుల పిండాన్ని తీసి వేరే ఆడగుర్రంలో పెట్టారు. పుట్టినప్పుడు పిల్ల బరువు 23 కిలోలు. రాజ్ ప్రథమ్ అని పేరు పెట్టారు.