ఎదురుగాలిలో నలభైరెండు కిలోమీటర్లు

"మిరపచేనుకు నీరు పెట్టమంటే మోకాళ్ల నొప్పులు! విశాఖ వెళ్లి పరుగెడతారట!" అన్నది మా ఆవిడ.

పర్చూరు నల్లరేగడిలో పుట్టిన నాకు సముద్రమంటే చీరాల వాడరేవే. 2024 డిసెంబరులో విశాఖ నేవీ మారథాన్‌కని చీకటితోనే రామకృష్ణా బీచికి చేరాను. 42.195 కిలోమీటర్లు! 1908 లండన్ ఒలింపిక్సు నాటి కొలత అది.

భీమిలి వైపు సాగేసరికి ఈశాన్యపు గాలి రొమ్ముమీద చెయ్యివేసి నెట్టసాగింది. చెమట చల్లబడి వణుకు పుట్టింది. ఇక ఆగిపోదామనుకున్నాను.

"నా వెనకాలే రండి, బాబాయిగారూ!" అన్నాడొక కుర్రాడు. అతని వీపుచాటున గాలి తగ్గింది. కాసేపు అతను ముందు, కాసేపు నేను. తిరుగుదారిలో అదే గాలి వీపు తట్టింది.

ఇంటికి వచ్చి పతకం చూపించాను.

"బాగానే వున్నది. రేపు చేనుకు వెళ్లండి" అన్నదావిడ.

వెళ్లాను, కుంటుకుంటూ!